ఇప్పదొరమ్మ ఎవరంటే

మొన్న మా తమ్ముడి మనవరాలి బాప్తిస్మానికి నౌపడ వెళ్ళి వస్తుంటే బస్సులో కండక్టరు కేకవేశాడు. "ఇప్పదొరమ్మ! ఇప్పదొరమ్మోళ్ళు దిగాల! బేగి దిగండమ్మా, బుట్టలు కిందకెల్లి సద్దుకుందురు!" చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని తిట్టుకుంటూ దిగారు. నా పక్కన కూర్చున్న మనవరాలు స్నేహ కిటికీలోంచి తొంగి చూసింది. రోడ్డు పక్కన సిమెంటు ఆర్చి, దానికి రెండు వైపులా రంగులేసిన సిమెంటు గుర్రాలు, లోపల టైల్సు పరిచిన చిన్న గుడి. "మామ్మా, ఈ ఇప్పదొరమ్మ ఎవరు? ఏ అమ్మవారికి చెల్లెలు?" అని అడిగింది. ఫోన్లో వెతికితే గుడి ఫొటో వచ్చిందట గానీ కథ రాలేదట. నాకు నవ్వొచ్చింది. బస్సు చప్పుడులో చెప్పే సంగతి కాదు, ఇంటికెళ్ళాక చెబుతానన్నాను. ఇంటికొచ్చి మొదలుపెడితే, ఆగు మామ్మా రాసుకుంటాను అని కాగితాలు తెచ్చుకుంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. పాటల పుస్తకం తెరిస్తే మొదటి మాట చదివి, మిగిలింది నోటికొచ్చింది పాడేస్తాను. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది. అడ్డదిడ్డంగా చెబితే తిట్టుకోకండి.

ఇప్పదొరమ్మ అమ్మవారు కాదు, మనిషీ కాదు. అదొక మాట. ఎక్కడో పుట్టి, ఎవరి నోటో పడి, మా ఉప్పు బయలుకి వచ్చి కూర్చున్న మాట. ఆ మాట మూలంగా మా అమ్మ ప్రభువు బల్లకు దూరం కావలసి వచ్చింది. బల్ల అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. నెలకొక ఆదివారం మందిరంలో రొట్టె ముక్క, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. తప్పు చేసినవాళ్ళని సంఘం కూర్చోబెట్టి అడిగి, ఈ నెల నువ్వు బల్ల ముట్టకు అనేది. ఊళ్ళో అందరి ముందూ పళ్ళెం నిన్ను దాటి వెళ్ళిపోతుంది. తిండి కాదు, రవ్వంత రొట్టె. అయినా అది దాటిపోతే మనిషి మనిషిలా ఉండదు. మా అమ్మకి అదింకా పెద్ద మాట. ఎందుకంటే ఆ రొట్టె చేసేదే మా అమ్మ.

మా నాన్న పేరు ఆనందం. నౌపడ స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. రైలు దిగి పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ చుట్టుపక్కల ఊళ్ళు వెళ్ళేవాళ్ళు ఆయన బండి కోసం చూసేవారు. మా గుర్రం పేరు చుక్క. ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి మచ్చ. మా ఇల్లు రెండు గదులు. ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో చుక్క, మధ్యలో తాటాకు తడిక. పొయ్యి మీదికి మొదట ఎక్కేది చుక్క కుండే, మా కుండ దాని తర్వాత. ఉలవలు ఉడికే వాసనకి మేము నిద్రలేచేవాళ్ళం. ఉలవలు చుక్కకి, అవి ఉడికిన నీళ్ళు మాకు. ఆ నీళ్ళలో చింతపండు పిసికి, ఎండుమిరపకాయ తుంచేసి అమ్మ చారు కాచేది. చోడి అంబలిలో, అంటే రాగి జావలో, ఆ చారు పోసుకొని తాగి బడికి వెళితే, గుర్రం ఎంగిలి తాగొచ్చారు అని పిల్లలు వెక్కిరించేవారు. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న అనేవాడు: "ఎంగిలేటే? ముందు నీళ్ళు మీరు వొంపుకుంటన్నారు, ఆనక గుగ్గిళ్ళు దానికెడతన్నారు. సుక్కే మీ ఎంగిలి తింటన్నాది. అది ఏడవాల గానీ నువ్వెందుకు ఏడుస్తావు?" ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఉలవచారని చిన్న గిన్నెలో మీగడ వేసి పెడుతున్నారు. బాగుంటుందంటారు. నాకు గుర్రం వాసన లేని ఉలవచారు సహించదు.

శనివారం వచ్చిందంటే ఇంటి వాసన మారిపోయేది. బల్ల ఆదివారం ముందు రోజు అమ్మ తల స్నానం చేసి, పొయ్యి అలికి, చుక్క కుండని ఆ పూట పెరట్లో మూడు రాళ్ళ మీదికి మార్చేసేది. ఎండు ద్రాక్ష నానబెట్టి, మరిగించి, గుడ్డలో వేసి పిండేది. గోధుమపిండిలో ఉప్పు కూడా వెయ్యకుండా కలిపి పల్చగా రొట్టెలు కాల్చేది. గాజు కప్పులన్నీ వేన్నీళ్ళలో కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించేది. ఆ పూట మాతో మాట్లాడేది కాదు. నోటితో పాడేది కూడా కాదు, గొంతులోనే ఏదో మూలిగేది. ద్రాక్షపిప్పి మాత్రం మాకు పెట్టేది. నేనూ తమ్ముడూ దాన్ని చప్పరిస్తూ గుమ్మంలో కూర్చునేవాళ్ళం. మా అమ్మకి చదువు లేదు, ఒంటిమీద బంగారం లేదు, ఆవిడ తల్లిదండ్రులది కూలి బతుకు. ఆ శనివారం ఒక్కటే ఆవిడది. మందిరంలో అందరూ కళ్ళు మూసుకొని రొట్టె నోట్లో పెట్టుకుంటుంటే మా అమ్మ ఒక్కతే ఓరగా కళ్ళు తెరిచి అందరి దవడలూ చూసేది. గట్టిపడిందా మెత్తగా ఉందా అని. ఆ సంగతి నాకు మాత్రమే తెలుసు, ఎందుకంటే నేనూ కళ్ళు తెరిచే ఉండేదాన్ని.

ఇక బయలు సంగతి. ఉప్పు మడులు దాటాక, సముద్రం వైపు, పొడుగ్గా ఒక చదునైన నేల ఉండేది. వానాకాలం బురద, ఎండాకాలం పలకలాగా గట్టి. గడ్డి మొలవదు, గేదె కూడా అటు పోదు. దాని ఒక చివర నిలువుగా పాతిన రాయి. ఆ రాయి చుట్టూ మట్టిగుర్రాలు. కాళ్ళు పొట్టిగా, చెవులు విరిగినవి కొన్ని, ఉప్పుగాలికి పొడి రాలుతున్నవి కొన్ని, కొత్తగా జాజు పూసినవి కొన్ని. సముద్రం మీదికి పోయే ముందు వాడోళ్ళు, అంటే చేపలు పట్టేవాళ్ళు, మొక్కుకొని పెట్టేవారు. పిల్లలకి జబ్బు చేస్తే ఆడవాళ్ళు పెట్టేవారు. అదే ఇప్పదొరమ్మ. అక్కడ ఒకప్పుడు ఇప్ప చెట్టు ఉండేదని, అందులో అమ్మ ఉండేదని కొందరు చెప్పేవారు. చెట్టేదీ అంటే ఉప్పుగాలికి చచ్చిపోయింది అనేవారు. కాదు, గుర్రం మీంచి పడి చచ్చిపోయిన దొరసానే అమ్మోరయిందని ఇంకొందరు. మా క్రైస్తవుల ఇళ్ళలో మాత్రం అటు చూడొద్దనే చెప్పేవారు. కాబట్టి మేము అటే చూసేవాళ్ళం.

మా అమ్మకి వాడలో ఒక స్నేహితురాలు ఉండేది, పోలమ్మ. ఎండుచేపల బుట్ట పెట్టుకొని స్టేషన్‌కి వచ్చేది. నిప్పు నోట్లోకి పెట్టుకొని అడ్డచుట్ట కాల్చేది. పొగ ముక్కులోంచి వస్తుంటే నాకు రైలింజను గుర్తొచ్చేది. వాళ్ళ పిల్లకి పాలు చాలకపోతే మా అమ్మ పాలిచ్చిందట, తమ్ముడు పుట్టిన రోజుల్లో. అప్పటినుంచి ఒదినా అంటే ఒదినా అనుకునేవాళ్ళు. ఆవిడ అమ్మోరి పేరు చెప్పి తిట్టేది, మా అమ్మ వాక్యం చెప్పి తిట్టేది, తర్వాత ఇద్దరూ కూర్చొని ఒకే కుండలో అంబలి తాగేవారు.

నేను బడికి వెళ్ళే రోజుల్లోనే ఒక యేడు నాకు పెద్ద జ్వరం వచ్చింది. నాకు గుర్తున్నది తక్కువ. తడిక అవతల చుక్క కాలితో నేల గీరే చప్పుడు, నుదుటి మీద తడిగుడ్డ, ఎవరో పాదాలకి బూడిద రాస్తున్నట్టు గరగర. నాన్న నన్ను జట్కాలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ మందు ఇచ్చారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక దేవుడి దయ అన్నారు. సంఘంవాళ్ళు వచ్చి మంచం చుట్టూ మోకరించి ప్రార్థన చేశారు. జ్వరం దిగలేదు. పోలమ్మత్త వచ్చి నా కళ్ళు విప్పి చూసి, చుట్ట తీసి పారేసి, అమ్మతో అందట: "ఒసే మార్తా, మీ దేవుడు గొప్పోడే, కాదన్ను. కానీ ఆయనకి లోకమంతా పన్లే. మా తల్లికి ఈ బయలు తప్ప మరో పని నేదు. ఒక్క గుర్రం ఎట్టీవే. ఎవులికీ తెల్దు." అమ్మ ఒప్పుకోలేదట. మర్నాడు నేను అమ్మని గుర్తుపట్టలేదు. ఎవులు నువ్వు అని అడిగానట. ఆ మాట వినగానే అమ్మ లేచి కుమ్మరి దగ్గరికి వెళ్ళి గుర్రం కొని, కొంగులో చుట్టుకొని, మిట్టమధ్యాహ్నం బయలుకి నడిచి వెళ్ళింది. పోలమ్మత్త తోవ చూపించింది. ఉప్పు మడుల దగ్గర అన్నం తింటున్నవాళ్ళు చూశారు.

నాకు జ్వరం తగ్గింది. మందు వల్లో, ప్రార్థన వల్లో, గుర్రం వల్లో నేను చెప్పలేను. అందరికీ రుణపడే ఉన్నాను అనుకుంటే గొడవ లేదు.

బల్ల ఆదివారం దగ్గరపడుతుండగా కబురొచ్చింది. శనివారం ఎండ చల్లబడ్డాక మార్తమ్మ మందిరానికి రావాలని. అప్పుడు మా సంఘ పెద్ద ఫిలిప్పు తాత. ఉప్పు మడుల్లో మేస్త్రీ. ఎండలో పుట్టి ఎండలో నల్లబడిన మనిషి, మందిరానికి మాత్రం మెడ వరకూ బొత్తాలు పెట్టిన తెల్లకోటు వేసేవాడు. నిక్కచ్చి మనిషి. గుర్రాలంటే ఆయనకి పడదు. చిన్నప్పుడు ఒకటి భుజం కొరికిందట. మా చుక్కని చూస్తే అటుపక్క నుంచి ఇటుపక్కకి మారిపోయేవాడు, చుక్క కూడా కావాలని పళ్ళు చూపించేది. పాస్టరుగారు కొత్తగా వచ్చారు, గజపతినగరం వైపు మనిషి, కుర్రవాడు. పెద్ద చదువు చదివి వచ్చాడని, దేవుడి మాట మొదట రాసిన భాష కూడా నేర్చుకున్నాడని అనుకునేవారు. ఆ శనివారం అమ్మ పిండి కలపలేదు. ద్రాక్ష నానబెట్టలేదు. కలపాలో వద్దో తెలియక తెల్లగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తర్వాత నన్ను చంకనేసుకుంది, అప్పటికి నేను నడవలేను. నాన్న వెనకాల వచ్చాడు.

మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. నన్ను చాప మీద దించి అమ్మ మధ్యలో నిలబడింది.

"మార్తమ్మా, ఇప్పదొరమ్మకి గుర్రం పెట్టినావా, నేదా?" ఫిలిప్పు తాత అడిగాడు.

"పెట్టినాను మావా."

"ఆ వాడోళ్ళ మనిషి నీ సేత పెట్టించిందా?"

"నా కాళ్ళతో నానే ఎల్లినాను మావా. పోలమ్మొదిన తోవ సూపించింది, అంతే."

"ఆనందం, నీకు తెలిసే జరిగిందేటి?"

నాన్న లేచి నిలబడ్డాడు. "నాకు తెల్దు మావా. తెలిస్తే బండి కట్టీవోణ్ణి. మిట్టమధ్యాన్నం పెళ్ళాన్ని నడిపిస్తానేటి?" ఆడవాళ్ళవైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఫిలిప్పు తాత అటు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు పాస్టరుగారు మెల్లిగా అడిగారు. "నేను కొత్తవాణ్ణి. అసలు ఈ ఇప్పదొరమ్మ ఎవరు?" ఒకరు చెట్టన్నారు, ఒకరు దొరసాని అన్నారు, ఇద్దరు ముగ్గురు ఒక్కసారే మాట్లాడారు. ఫిలిప్పు తాత చెయ్యెత్తి ఆపాడు. "అవన్నీ పుకార్లు అయ్యగారూ. మా అయ్య ఉప్పుదొర కాడ, ఈ మడుల మీద అదికారం సేసీ తెల్లదొర కాడ, గుర్రాల్ని సూసుకునీ సాయిసు. ఆ బయలు మీద దొర పొట్టిగుర్రాల్ని పరిగెత్తించీవోడంట. సివర్న రాయి పాతించినాడు. ఆ రాయిని సుట్టి తిరిగి రావాల. ఊరూరి దొరలొచ్చి కుర్సీలేసుకొని సూసీవోరంట. ఆ దొరే బయలుని అలగ పిల్సీవోడు. ఇప్పదొరం, ఇప్పదొరం అని. ఆడు పోయినాక మనోళ్ళు సివర్న ఒక అమ్మని తగిలించినారు."

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

"ఇప్పదొరం."

పాస్టరుగారు ఆ మాటని నోట్లో తిప్పుకున్నారు, వేడి ముద్ద తిప్పుకున్నట్టు. "ఇప్పోదొరం... హిప్పోద్రోమ్..." అని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. విచారణ జరుగుతుంటే పాస్టరు నవ్వడం మేమెప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకొని అప్పుడు చెప్పారు. నాకు ఎన్నేళ్ళయినా ఆ చెప్పడం చెవిలోనే ఉంది. అది గ్రీకుల మాటట. మన ఉత్తరాలు, అంటే మందిరంలో చదువుకునే అపొస్తలుల ఉత్తరాలు, రాసిన భాష. హిప్పోస్ అంటే గుర్రం. ద్రోమోస్ అంటే పరుగు, పరుగెత్తే దారి. రెండూ కలిపితే గుర్రాలు పరుగెత్తే చోటు. వెనకటి కాలంలో ఆ దేశంలో పొడుగాటి మైదానాలు ఉండేవట, చివర్లో గుర్తుగా స్తంభమో రాయో నిలబెట్టి. దాని చుట్టూ గుర్రాలూ రథాలూ తిరిగి రావాలి. చుట్టూ గట్టు మీద, మెట్ల మీద జనం. మలుపు దగ్గర రథాలు ఒకదాన్నొకటి ఒరుసుకొని బోర్లాపడేవట. తర్వాత రాజులు పట్టణాల నడిబొడ్డున రాతితో కట్టించుకున్నారట, ఆ మాటే అన్ని దేశాలకీ పాకిందట. నీటిగుర్రం అని బొమ్మల పుస్తకంలో ఉండే జంతువు పేరులో కూడా ఆ గుర్రమే ఉందట. ఉప్పుదొర చదువుకున్నవాడు, పైగా హాస్యగాడు అయ్యుంటాడు. గడ్డి కూడా మొలవని బయలుకి రాజుల మైదానం పేరు పెట్టుకొని నవ్వుకొని ఉంటాడు. ఆయన నవ్వు మన నోళ్ళలో పడి అమ్మోరయింది, అన్నారు పాస్టరుగారు.

మా నాన్నకి మిగతాదంతా ఏం ఎక్కిందో గానీ మలుపు దగ్గర ఎక్కింది. "మలుపే మరి! అక్కడ పగ్గం సూసుకోవాల. లోపలి గుర్రాన్ని బిగబట్టాల" అని పక్కాయనకి చెబుతున్నాడు. పాస్టరుగారు ఫిలిప్పు తాత వైపు తిరిగి, "తాతగారూ, కోప్పడకండి. మీ పేరులోనూ ఉంది" అన్నారు.

"ఏటున్నాది?"

"గుర్రం. ఫిలిప్పు అంటే ఆ భాషలో గుర్రాలంటే ప్రేమ ఉన్నవాడు."

అప్పుడు చూడాలి మందిరం. పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ ఒకటే నవ్వు. ఫిలిప్పు తాత కోటు బొత్తం పట్టుకొని, "నాకా? గుర్రాలంటే నాకా?" అన్నాడు. నాన్న ఊరుకుంటాడా! "అందుకే మావా, మా సుక్క నిన్ను సూసి పళ్ళికిలిస్తాది. అది నవ్వుతున్నాది, నువ్వు కరుస్తాదనుకుంటన్నావు!" అన్నాడు. ఇక అందరి మనసూ తేలికయింది. గుర్రాల మైదానంలో జట్కావాడి పెళ్ళాం మట్టిగుర్రం పెట్టింది, అందులో విగ్రహమేముంది, అమ్మోరేముంది అని ఎవరో అన్నారు. అవునవునన్నారు. పాస్టరుగారు అమ్మతో చల్లగా, "మార్తమ్మా, కూర్చో. ఇంటికెళ్ళి పిండి కలుపుకో" అన్నారు.

అమ్మ కూర్చోలేదు.

"అయ్యగారూ, మీరు సెప్పినదంతా బాగున్నాది. కానీ ఆ దినం నాకా సంగతి తెల్దు గదా. నాను గుర్రాల మైదానమని పెట్టనేదు. తల్లనే పెట్టినాను. తల్లీ, నా గుంటని, నా బిడ్డని ఇడిసిపెట్టు అన్నాను. ఇప్పుడు మీకు మాట తెలిసిందనీసి, తప్పు కాదనుకొని రేపు రొట్టి తినీమంటే నా గొంతు దిగదు."

నాన్న కూర్చున్నచోట నుంచే, "ఒసే, కూకోయే, అయ్యగారే కూకోమంతన్నారు" అన్నాడు. అమ్మ అటు చూడలేదు.

"ఇంట్లో ప్రార్థన చేశావా మార్తమ్మా?" పాస్టరుగారి గొంతు మారింది.

"సేసినాను. యేసయ్యకీ సెప్పినాను. ఆయనకి సెప్పీసి, ఆ బయలుకెల్లి ఆవిడికీ సెప్పినాను. గుంట నన్ను ఎవులు నువ్వు అన్నాది అయ్యగారూ. ఎవులింటే ఆళ్ళు ఇంటారనీసి ఎల్లినాను."

ఫిలిప్పు తాత ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకున్నాడు. ఉప్పులో నాని ఆ చేతులు ఎప్పుడూ పగిలే ఉండేవి. వాటిని చూస్తూనే అన్నాడు: "మా పిల్లడు దావీదుకీ ఇదే జొరం. నాను ఇక్కడే మోకాలేసి ఉండిపోయినాను. మా ఇంటిది ఆ బయలుకెల్తానని గుమ్మం కాడ నిలబడి ఏడ్సింది. నాను ఎల్లనివ్వనేదు. ఎల్లితే బతికీవోడని కాదు. ఆవిడి మరి సచ్చీదాకా ఆ గుమ్మం కాడ కూకోనేదు." తల ఎత్తి అమ్మ వైపు చూశాడు. "రూలు రూలే. మార్తమ్మే ఒప్పుకుంది. ఈ నెల బల్ల నేదు." గొంతు సవరించుకొని, ఎటో చూస్తూ అన్నాడు: "రొట్టి మాత్రం ఆవిడే సెయ్యాల. మరోలు సేస్తే నాకు అరగదు."

ఆ సాయంత్రం అమ్మ తాను తినని రొట్టె కాల్చింది. ఎప్పటిలాగే. పొయ్యి అలికి, కప్పులు కడిగి, గొంతులో మూలుగుతూ. ద్రాక్షపిప్పి మాకు పెట్టింది. పోలమ్మత్త వచ్చి గుమ్మంలో కూర్చుంటే నాన్న మందిరం సంగతంతా చెప్పాడు. ఆవిడ చుట్ట తిప్పుకుంటూ విన్నది. "అయితే మా తల్లి తల్లి కాదంటావు, గుర్రాల రోడ్డంటావు."

"నానంతానేటి, గ్రీకులంతన్నారు."

"అనుకోనీ. పేరు దొర పెట్టినాడు, పలికింది మాకు. మీయి మటుకు ఏటి, ఈ ఊరి పేర్లేటి? మార్తంట, పిలిప్పంట! మనుసుల పేర్లు ఓడెక్కి రావొచ్చు గానీ తల్లి పేరు రాకూడదేటి?" అని లేచి, బుట్టలోంచి రెండు ఎండుచేపలు తీసి తడిక మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మేము వాటిని నిప్పుల మీద కాల్చుకొని తిన్నాం.

ఆదివారం అమ్మ ఉతికిన చీర కట్టుకొని, తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం ముందుకి తీసుకెళ్ళి పెట్టి, వెనక్కి వచ్చి గుమ్మం పక్కన చివరి చాప మీద కూర్చుంది. నేను ఒళ్ళో ఉన్నాను. రొట్టె పళ్ళెం పట్టుకొని తిరిగేది ఎప్పుడూ ఫిలిప్పు తాతే. వరసలన్నీ అయ్యాయి. మా దగ్గరికి వచ్చాడు. అమ్మ తల వంచుకుంది. ఆయన పళ్ళెం దాటించి తీసుకెళ్ళి పాస్టరుగారి ముందు పెట్టాడు. ఆయన వాటా అందులోనే ఉంది. తీసుకోలేదు. మళ్ళీ మెల్లగా వెనక్కి నడిచి వచ్చి, తెల్లకోటుతోనే గుమ్మం దగ్గర కటిక నేల మీద, మా అమ్మకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

అమ్మ గుసగుసగా, "ఏటి మావా?" అంది.

"మాటాడక. ప్రార్దన జరుగుతున్నాది" అన్నాడు.

ఇద్దరూ అలా కూర్చున్నారు, రొట్టె తినకుండా. కప్పులు పంచినప్పుడూ కదలలేదు. నేను కళ్ళు తెరిచి చూస్తూనే ఉన్నాను. ఆ రోజు మా అమ్మ మాత్రం ఎవరి దవడలూ చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది, నీళ్ళు నా నెత్తిన పడ్డాయి. తరువాతి నెల ఇద్దరూ తిన్నారు. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు. కానీ అప్పటినుంచి ఫిలిప్పు తాత ఎండలో నడిచి వస్తుంటే నాన్న బండి ఆపేవాడు, ఆయన చుక్క మూతి వైపు చూడకుండా వెనకనుంచి ఎక్కేవాడు. అంతే మార్పు.

ఇప్పుడు మా సంఘం పెద్దది. మందిరంలో ఏసీ పెట్టారు. బల్ల రొట్టె ప్యాకెట్లో వస్తుంది, బిళ్ళల్లాగా గుండ్రంగా, రసం ప్లాస్టిక్ కప్పుల్లో. శుభ్రంగానే ఉంటుంది, నేనేమీ అనను. ఎవరినీ విచారణకు పిలవరు, ఎవరినీ నిలిపెయ్యరు. ఇదివరకటి రోజుల్లో జరిగినవి అన్నీ మంచివని నేను అనను. నిలిపేసిన మనిషి ఏడుస్తూ ఊరు వదిలేసి పోవడం కూడా చూశాను. అందరికీ ఫిలిప్పు తాత దొరకడు. మాకు దొరికాడు. ఆ మాట అర్థం చెప్పిన పాస్టరుగారు దొరికారు, తోవ చూపించిన పోలమ్మత్త దొరికింది. ఇన్ని చేతులు పట్టుకొని లాగితే బతికిన పిల్లని నేను. ఆ తర్వాత పెళ్ళయింది, పిల్లలు, మనవలు, అంబలి నుంచి అన్నానికి వచ్చాం. ఇంకేం కావాలి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మా ఆయన పోయే ముందు శ్రీకాకుళం ఆసుపత్రిలో గాజు తలుపు అవతల పడుకోబెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పుట్టినప్పటినుంచి నేర్చుకున్న ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. "తల్లీ" అన్నాను. అదొక్కటే. ఏ తల్లినో నాకే తెలియదు. తర్వాత ఆదివారం మా ఇప్పటి పాస్టరుబాబుకి చెప్పాను, నాలో దాచుకోలేక. మంచివాడు, నా చెయ్యి పట్టుకొని, "పర్లేదు ఆంటీ, దేవుడు చూసుకుంటాడు, మీరు బల్ల తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాను. గొంతు దిగింది. అయినా, ఒక్కరు నన్ను అందరి ముందూ నిలబెట్టి, ఆ రోజు ఎవరిని పిలిచావే అని అడిగి ఉంటే, మా అమ్మలాగే కూర్చోకుండా నిలబడి చెప్పేదాన్ని.